గెడ కొలతలో ఒక నౌకాదళం: ఒక డిసర్టేషన్ కేసు

చరిత్ర ఎం.ఏ. విద్యార్థుల డిసర్టేషన్లకు గైడ్‌గా ఉండటం నా ఉద్యోగంలో భాగం. చాలావరకు ఒకే తంతు. గడువు ముంచుకొచ్చాక కాగితాలు పట్టుకొస్తారు, ఎర్ర సిరాతో దిద్దుతాను, బైండింగుకు పోతాయి. ఈ కేసు అలా నడవలేదు. ఇందులో నేను రెండుసార్లు పక్కదారి పట్టించాను, మూడోసారి దారి చూపింది విద్యార్థే. అతని అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, కాలేజీ, ఏ సంవత్సరమన్నది తీసేశాను. అబ్బాయి అని పిలుస్తాను.

పూర్వరంగం

అబ్బాయిది కోస్తా జిల్లా. ఇంట్లో వేట. నాన్నకు ఇంజను పడవ ఉంది, ఉప్పుటేరులోంచి సముద్రంలోకి తీసుకెళ్తారు. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతాడు గానీ చదివింది మర్చిపోడు. టాపిక్ అడిగితే ఒక బొమ్మ జిరాక్సు నా బల్ల మీద పెట్టాడు. బోసి పడవ లాంటిది, రెండు వైపులా తెడ్లు, ముందు కొసన పడవకు మించిన ఫిరంగి.

"ఇంత పడవకి అంత ఫిరంగి పెడితే ముక్కు మునిగిపోదాండి?" అన్నాడు.

అది స్వీడన్ వాళ్ళ గన్‌స్లూపు. బాల్టిక్ సముద్ర తీరంలో, స్టాక్‌హోమ్ దగ్గర్నుంచి ఫిన్లండ్ దక్షిణ తీరం పొడుగునా వేలకు వేలు రాతి దీవులుంటాయి. వాటి మధ్య సందుల్లో తిరగడానికి 1756లో స్వీడన్ విడిగా ఒక నౌకాదళం కట్టింది. లోతు తక్కువ నీళ్ళలో తేలే, తెడ్లతో నడిచే యుద్ధపడవల దళం. 1823లో అసలు నౌకాదళంలో కలిపేసేదాకా దాని బతుకు వేరు. టాపిక్ అదే పెట్టుకుంటానన్నాడు.

ఒప్పుకోవాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. స్వీడిష్ రాదు, ఫిన్నిష్ రాదు, రష్యన్ రాదు. ఆర్కైవు కాగితం ఒక్కటీ చూడలేడు. అయినా ఒప్పుకున్నాను. ఎం.ఏ. స్థాయిలో అడిగేది కొత్త సాక్ష్యం కాదు, ఉన్న సాక్ష్యాన్ని పట్టుకుని వాదన నిలబెట్టడం. ఓడల గీతలు చదవడానికి భాష అక్కర్లేదు, స్కేలు చాలు. ఒక్క షరతు పెట్టాను: మనం చూడని కాగితాన్ని చూసినట్టు ఎక్కడా రాయకూడదు. మునిగిపోదా అన్న అతని ప్రశ్నను మాత్రం నవ్వి వదిలేశాను. అది నా మొదటి పొరపాటు. నాలుగు నెలల తర్వాత గానీ తెలియలేదు.

సమస్య

జనవరిలో ప్రీ-సబ్మిషన్ సెమినార్. అప్పటికి అరవై పేజీలు రాశాడు, తారీకుల వరసలో. 1714లో గంగుట్ దగ్గర రష్యా పీటర్ చక్రవర్తి గ్యాలీలు, అంటే తెడ్లతో నడిచే పొడుగాటి యుద్ధనౌకలు, స్వీడన్‌ను కొట్టాయి. 1719లో అవే గ్యాలీలు స్వీడన్ తూర్పు తీరం వెంట నార్‌షెపింగ్‌తో సహా ఊళ్ళు తగలబెట్టాయి. 1741–43 యుద్ధంలో మళ్ళీ ఓటమి. 1748లో హెల్సింకి ఎదుట దీవుల మీద అగస్టిన్ ఏరెన్‌స్వార్డ్ స్వేబోర్గ్ కోట మొదలుపెట్టాడు. 1756లో దళం పుట్టింది, దానికి సారథి కూడా ఆయనే. 1790 జులైలో స్వెన్స్క్‌సుండ్ దగ్గర గొప్ప విజయం. 1808లో స్వేబోర్గ్ లొంగుబాటు. 1809లో, అప్పటిదాకా స్వీడన్‌లో భాగంగా ఉన్న ఫిన్లండ్ మొత్తం రష్యా చేతికి.

ప్రతి తేదీ సరైనదే. దళం ఎందుకు గెలిచిందో, ఎందుకు ఓడిందో మాత్రం ఎక్కడా లేదు. చివరి చాప్టర్‌కు "ద్రోహం" అని పేరు పెట్టాడు.

సెమినార్‌లో ఒక సీనియర్ అధ్యాపకురాలు నెమ్మదిగా అడిగారు: "1790లో స్వీడన్ రాజు పక్కనుండి యుద్ధం నడిపించింది కార్ల్ ఒలోఫ్ క్రోన్‌స్టెడ్ అని రాశావు. 1808లో స్వేబోర్గ్ కోటను రష్యాకు అప్పగించింది కూడా క్రోన్‌స్టెడ్ అనే రాశావు. ఒకే మనిషి, ఒకే దళం. మధ్యలో చెడింది ఏది నాయనా, మనిషా, పడవలా?"

అబ్బాయి నీళ్ళు నమిలాడు. "ఆయన అమ్ముడుపోయాడండి" అన్నాడు.

"రసీదు చూశావా?"

హాలంతా నవ్వింది. మర్నాడు నా గదికొచ్చి టాపిక్ మార్చుకుంటానన్నాడు. ముఖం చూస్తే అడిగేది టాపిక్ మార్పు కాదని అర్థమైంది, చదువు మానేసేలా ఉన్నాడు. మార్చనివ్వలేదు. దయతో కాదు. ఆవిడ ప్రశ్న నిజంగా మంచిది. మంచి ప్రశ్న ఎదురైన టాపిక్‌ను వదులుకోవడం కంటే తెలివితక్కువ పని మా వృత్తిలో లేదు.

ముందు చేసింది శుభ్రం చేయడం. దీని గురించి ఎవరూ చెప్పరు గానీ పరదేశపు చరిత్ర రాసే మన పిల్లలందరూ పడే గుంట ఇది. ఒకే చోటుకు మూడు పేర్లు. స్వీడన్ వాళ్ళు స్వెన్స్క్‌సుండ్ అంటారు, ఫిన్లండ్‌లో రుఓత్సిన్‌సాల్మి, రష్యన్ పుస్తకాల్లో రోచెన్‌సాల్మ్. ఇప్పటి కోట్కా పట్నం దగ్గరి నీళ్ళే మూడూ. అబ్బాయి వాటిని మూడు యుద్ధాలుగా లెక్కేశాడు. గంగుట్ యుద్ధం ఒక పేజీలో జులై 27న, ఇంకో పేజీలో ఆగస్టు 7న జరిగింది. ఒకటి పాత క్యాలెండరు, ఒకటి కొత్తది. ఈ చిక్కులు తీస్తుంటే ఒక లాభం దొరికింది. 1790 జులై 9 అంటే రష్యా పాత క్యాలెండరులో జూన్ 28, రష్యా రాణి కేథరిన్ గద్దెనెక్కిన రోజు. రష్యన్ దళానికి సేనాని అయిన నస్సావు-జీగెన్ రాకుమారుడు ఆ పండగ రోజునే దాడికి దిగాడు. గాలి ఎలా ఉందో, మనుషులు ఎంత అలిసి ఉన్నారో చూసుకోకుండా తారీకు చూసుకున్నాడు. అబ్బాయి మొదటిసారి నవ్వాడు: "ముహూర్తం చూసుకుని వేటకెళ్ళినట్టుందండి."

మొదటి ప్రయత్నం: ఎన్ని ఓడలు

ఏ యుద్ధంలో ఎవరికి ఎన్ని ఓడలు, ఎన్ని ఫిరంగులు, ఎంతమంది మనుషులు, పట్టిక వెయ్యమన్నాను. బలాబలాలు కనబడితే కారణం దానంతటది కనబడుతుందని నా లెక్క. మూడు వారాలు చేశాడు. చక్కటి పట్టిక. పనికిరాలేదు.

1714లో పెద్ద తెరచాప ఓడలు స్వీడన్ దగ్గరే ఉన్నాయి, వాటిని ఎదుర్కొనే సత్తా రష్యాకు లేదు. గాలి పడిపోయిన రోజు ఆ పెద్ద ఓడలు ఎక్కడివక్కడ బొమ్మల్లా నిలబడితే, రష్యన్ గ్యాలీలు తెడ్లేసుకుంటూ వాటిని తప్పించుకుపోయాయి. స్వీడన్ సేనాని నిల్స్ ఏరెన్‌షోల్డ్ చిన్న దళాన్ని, ఒక పెద్ద తేలుడు ఫిరంగి ఓడ, ఆరు గ్యాలీలు, కొన్ని పడవలు, ఒక సన్నటి సముద్రపు పాయ మూలన చిక్కించుకుని పట్టేశాయి. ఎక్కువ ఓడలున్నవాడు ఓడిపోయాడు. ఇక 1789 ఆగస్టు 24న, 1790 జులై 9, 10 తేదీల్లో అదే స్వెన్స్క్‌సుండ్ నీళ్ళలో అవే రెండు దేశాలు కొట్టుకున్నాయి. మొదటిసారి రష్యా గెలిచింది. రెండోసారి రష్యా తన ఓడల్లో మూడోవంతు వరకు పోగొట్టుకుంది. చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, పట్టుబడ్డవాళ్ళు కలిపి 9 వేల పైచిలుకు. స్వీడన్ నష్టం వందల్లోనే. పట్టికలో సంఖ్యలు ఈ తలకిందుల వ్యవహారాన్ని చెప్పలేకపోయాయి.

అప్పుడు ఆ పట్టికను నేను ఇంకా పెద్దది చెయ్యమన్నాను. ఇది ఒప్పుకోవాలి. పని చెయ్యని మందును మోతాదు పెంచి ఇవ్వడమే. రెండు వారాలు దండగ.

రెండో ప్రయత్నం: ఆంగ్రే

పోలిక పెట్టిద్దాం అనుకున్నాను. మన దేశంలో కొంకణ తీరాన మరాఠాల నౌకాదళాధిపతి కాన్హోజీ ఆంగ్రే దళం ఉండేది. గురాబులనే తెరచాప ఓడలు, గల్బతులనే చిన్న పడవలు. తెడ్లతో నడిచే గల్బతులు లోతు తక్కువ ఏళ్ళలోకి దూరిపోయేవి. పెద్ద యూరప్ ఓడలు తరుముకొచ్చి బయట ఆగిపోయేవి. కాలం కూడా దగ్గరే, ఆంగ్రే 1729లో పోయాడు. మన పరీక్షకులకు మన ఉదాహరణ ఉంటే ముచ్చట. ఈ ఆలోచనలో సగం పాండిత్యం, సగం మార్కుల లెక్క.

పన్నెండు పేజీలు రాశాడు. చదివితే రెండు పెళ్ళిళ్ళ శుభలేఖలు ఒకే కవర్లో పెట్టినట్టుంది. ఇక్కడ కొంకణం, అక్కడ బాల్టిక్, మధ్యలో "అలాగే" అన్న మాట. ఒకదాన్ని చూసి రెండోది అర్థమయ్యేది ఏమీ లేదు. తీసేయమన్నాను. మనసు కష్టపెట్టుకున్నాడు. తీసేస్తూ ఒక వాక్యం మాత్రం ఎందుకో పెన్సిలుతో గుర్తు పెట్టాను: వానాకాలం నాలుగు నెలలు ఆంగ్రే ఓడలు ఒడ్డునే ఉండేవి. ఎందుకు గుర్తు పెట్టానో అప్పుడు నాకే తెలియదు.

ఇంకో చిన్న గొడవ, దళానికి తెలుగులో పేరు. "ద్వీపసమూహ నౌకాదళం" అని పాఠ్యపుస్తకంలా రాశాడు. నాకు నచ్చలేదు. సరే, "లంకల దళం" అంటానన్నాడు. బాగుంది గానీ ఒప్పుకోలేదు. మన లంకలు ఒండ్రు మట్టి, వరదొచ్చినప్పుడల్లా ఆకారం మారతాయి. అక్కడివి గ్రానైటు రాళ్ళు. కదలవు, నీళ్ళ కింద దాక్కుని పడవ అడుగు చీలుస్తాయి. చివరికి "రాతి దీవుల దళం" దగ్గర ఆగాం. ఇలాంటి గొడవకు గంట పెట్టడం దండగని కొందరంటారు. పేరు కుదిరాకే అతను ఆ నీళ్ళను ఊహించుకోవడం మొదలుపెట్టాడు.

గెడ

ఏప్రిల్ నెల. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. నాన్న పడవ కట్టేశారు. అబ్బాయి ఖాళీగా ఉన్న నాన్నను వదిలి వచ్చాడు, ఈసారి చదువు మానేస్తానని సూటిగా చెప్పడానికే.

నాకు చెప్పడానికేమీ తోచలేదు. ఫైలు తిరగేస్తుంటే ఆ మొదటి జిరాక్సు బొమ్మ కిందపడింది. "ఇంతకీ ముక్కు మునుగుతుందా, మునగదా?" అన్నాను.

అతను బొమ్మ తీసుకుని చాలాసేపు చూశాడు. "మునగదండి. ఫిరంగి ఎప్పుడూ ముక్కు మీదే ఉండదు. చూడండి, కింద పట్టాలున్నాయి. నడిచేటప్పుడు వెనక్కి లాగి గర్భంలోకి దించేస్తారనుకుంటాను. మా పడవలో ఐసు పెట్టెలు మధ్యకి తోసినట్టు."

అతనన్నది నిజమే. గన్‌స్లూపులో ముందొకటి వెనకొకటి 24 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగులు. ఒక్కో గుండు పది కిలోల బరువు. తెరచాపెత్తి పోయేటప్పుడు ఆ ఫిరంగుల్ని లోపలికి దించి పెట్టుకునేవారు, బ్యాలెన్సు కోసం. ఇరవై మీటర్ల పడవ, అరవైమంది మనుషులు. అది తేలడానికి కావలసిన లోతు మీటరు చుట్టూ.

"ఎంతన్నారు?" అన్నాడు. "మీటరు."

మూడో రోజు షేర్ ఆటో టాపు మీద కట్టి ఒక గెడ తెచ్చాడు. ఏట్లో పడవను నెట్టుకుంటూ పోవడానికి వాడే వెదురు గెడ, మూడున్నర మీటర్ల పొడుగు. స్టాఫ్ రూములో గోడకు ఆనించాడు. చాక్‌పీసుతో కింద నుంచి కొలిచి గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. మీటరు దగ్గర: గన్‌స్లూపు. రెండు మీటర్ల దగ్గర: గ్యాలీ. మూడు మీటర్ల దగ్గర: తురుమా, హెమ్మేమా. ఆ పైన చెయ్యెత్తి గాల్లో చూపించాడు: "ఇంక రాజుగారి పెద్ద ఓడలు ఐదు మీటర్లు దాటుతాయండి. అవి గెడకి అందవు."

హెమ్మేమా, తురుమా, ఉదేమా, పొయామా అన్నవి ఫ్రెడ్రిక్ హెన్రిక్ చాప్‌మన్ 1760ల్లో గీసిన కొత్తరకం ఓడలు. పేర్లన్నీ ఫిన్లండ్ ప్రాంతాలవే: హామె, తుర్కు సీమ, ఉసిమా, పోహ్యన్మా. ఏరెన్‌స్వార్డ్‌కు గ్యాలీ అంటే తృప్తి లేదు. గ్యాలీకి పెద్ద ఫిరంగులు ముక్కు దగ్గర మాత్రమే, పక్కలన్నీ తెడ్లే, పక్కనుంచి కొడితే తిరిగి కొట్టలేదు. అందుకని తెడ్లూ ఉండాలి, పక్కల నుంచి ఫిరంగులూ పేలాలి అని చాప్‌మన్‌తో ఈ సంకరజాతి ఓడలు కట్టించాడు. ఉదేమాలో అయితే ఫిరంగుల్ని ఓడ నడుమ ఒకే వరసలో పెట్టి, ఇటూ అటూ తిప్పి కొట్టేలా చేశారు.

నేను సెమినార్‌కు ముందే అబ్బాయితో రాయించిన వాక్యం ఒకటుంది: "చాప్‌మన్ ఓడలతో దళం పురోగమించింది." గెడ ముందు నిలబడి ఆ వాక్యం చదివి వినిపించాడు. "పురోగమించలేదండి. గెడ మీద పైకెక్కింది, అంతే. ఎంత పైకెక్కితే అన్ని సందులు మూసుకుపోయాయి. పైగా మూడు మీటర్ల ఓడని తెడ్డేసి ఎవడు లాగుతాడు?"

నిజమే, తురుమాల్లాంటి పెద్దవి తెడ్ల మీద నత్తనడక. రెండు పనులూ చెయ్యాలని కట్టినవి రెండూ సగం సగమే చేశాయి. 1790లో నిలబడి కొట్టడానికి పనికొచ్చాయి. చుట్టూ తిరుగుతూ కొట్టడానికి పనికొచ్చింది గన్‌స్లూపులు, వాటికంటే చిన్నవైన గన్‌యోల్‌లు. స్వీడన్ దగ్గర ఆ రోజు అలాంటివి 150 దాకా ఉన్నాయి. కుత్సాలో, ముస్సాలో దీవుల మధ్య పెద్దవి లంగరేసుకుని కొడవలిలా వంగిన వరసలో నిలబడ్డాయి. అలల పోటులో తెడ్లేసి అలిసిపోయి వస్తున్న రష్యన్ దళం ఆ వంపులోకి వచ్చి పడింది. స్వీడన్ గన్‌స్లూపులు దీవుల చాటు నుంచి చుట్టూ తిరిగి పక్కలకు చేరాయి. పెద్ద రష్యన్ ఓడలు వెనక్కి తిరగలేక, గాలికి ఎదురు పోలేక అక్కడే చిక్కాయి. అలా మునిగిన వాటిలో ఒకటి సెయింట్ నికొలాయి అన్న ఫ్రిగేటు (మధ్యరకం యుద్ధనౌక), కోట్కా ఎదుట నీళ్ళ అడుగున 1948లో దొరికింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేశాను, దాన్ని ఇప్పటికీ సరైన నిర్ణయమే అనుకుంటాను. అబ్బాయి నేటి లోతుల మ్యాపు తీసి ఏ సందులో ఏ ఓడ దూరగలదో రంగులు వేస్తానన్నాడు. వద్దన్నాను. ఆ తీరంలో నేల ఇంకా పైకి లేస్తోంది. మంచుయుగంలో అణిచిపెట్టిన బరువు పోయాక మెల్లగా లేవడం మొదలుపెట్టి, ఆగలేదు. 1790లో ఉన్న లోతు ఇప్పుడు లేదు. కాబట్టి గెడను "ఫలానా సందులో ఫలానా లోతు" అని రాయడానికి వాడకూడదు, ఒక ఓడకూ ఇంకో ఓడకూ తేడా చూపడానికే వాడాలి. ఒప్పుకున్నాడు, కొంచెం సణిగాడు.

తెడ్డు పట్టినవాడు

గెడ తెచ్చిన మలుపుతో రెండో ప్రశ్న దానంతటదే వచ్చింది. అరవైమంది మీటరు లోతు పడవలో రాత్రి ఎక్కడ పడుకున్నారు?

పడుకోలేదు. చోటు లేదు. రాత్రికి దీవి మీద దిగి గుడారాలు వేసుకునేవారు. వంట కూడా అక్కడే. అంటే ఈ దళం ఒడ్డును వదిలి బతకలేదు. అది ఒక్కసారి తట్టాక 1756 నిర్ణయం అర్థమైంది. దళాన్ని నౌకాదళం కింద కాక సైన్యం కింద ఎందుకు పెట్టారు? మొదట్లో అబ్బాయి దీన్ని "దర్బారు రాజకీయం" అని ఒక వాక్యంలో తేల్చేశాడు. రాజకీయం ఉంది, కాదనను. కానీ తెడ్లు వేసింది చాలావరకు సైనికులే, మధ్యధరా గ్యాలీల్లోలా గొలుసులేసిన బానిసలు కారు. తీరం వెంట నడిచే సైన్యానికి నీటి వైపు భుజం కాయడం వీళ్ళ పని. తిండి, నీళ్ళు, నిద్ర ఒడ్డు మీద. ఇది నీళ్ళ మీద నడిచే కాల్బలం. సైన్యం కింద పెట్టకపోతేనే వింత.

ఈ చాప్టరు అతను నాలుగు రోజుల్లో రాశాడు. నేను కామాలు తప్ప ఏమీ దిద్దలేదు.

పడవలు కట్టేసిన రోజులు

ఇంక మిగిలింది క్రోన్‌స్టెడ్. మే మొదటి వారం. నేను అప్పటికీ మనిషి మనసులోనే కారణం వెతుకుతున్నాను. భయపడ్డాడా, రాజు మీద కోపమా, డబ్బా? ఇలాంటివి ఎం.ఏ. విద్యార్థి తేల్చలేడు, ఎన్నో తరాలుగా చరిత్రకారులే కొట్టుకుంటున్నారు. అందుకని ఆ చాప్టరు తీసేసి 1790తో ముగిద్దామన్నాను. ఇది నా రెండో పొరపాటు, దాదాపు చేసేశాను.

అబ్బాయి గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. "సార్, రష్యా వాళ్ళు ఫిన్లండ్‌లోకి ఎప్పుడొచ్చారు?"

"1808 ఫిబ్రవరి 21."

"అప్పుడు సముద్రం?"

గడ్డకట్టి ఉంటుంది. ఫిన్లండ్ అఖాతం చలికాలంలో గడ్డ కడుతుంది.

"మరి పడవలు?"

స్వేబోర్గ్ రేవులో, మంచులో ఇరుక్కుని.

"అంటే వేట నిషేధం రోజుల్లో వచ్చి కొట్టారండి. పడవలన్నీ కట్టేసి ఉన్నప్పుడు. మా నాన్న ఇప్పుడు ఇంట్లో ఉన్నట్టు."

ఫైలులో ఆంగ్రే పేజీలు వెతికాను. పెన్సిలు గుర్తు అక్కడే ఉంది: వానాకాలం నాలుగు నెలలు.

ఆ తర్వాత అంతా చకచకా అమరింది. మార్చి నుంచి రష్యన్లు గడ్డకట్టిన సముద్రం మీద కోట చుట్టూ చేరారు. ఏప్రిల్ 6న క్రోన్‌స్టెడ్ ఒప్పందం చేసుకున్నాడు: మే 3 లోగా స్వీడన్ నుంచి కనీసం ఐదు పెద్ద యుద్ధనౌకలు సాయానికొస్తే కోట ఇవ్వను, రాకపోతే ఇస్తాను. మంచు కరగలేదు, ఓడలు రాలేదు. మే 3న దాదాపు 7 వేల మంది సైనికులు, 700కు పైగా ఫిరంగులు, వంద దాకా పడవలు రష్యా చేతికి పోయాయి. రాతి దీవుల దళంలో ఫిన్లండ్ సగం, ఒక్క గుండు పేల్చకుండా, రేవులో కట్టేసి ఉన్నది ఉన్నట్టుగా. 1790 నాటి దళం పాడైపోలేదు. యుద్ధం దాని నెలల్లో జరగలేదు. మరుసటి మార్చిలో రష్యన్లు మంచు మీదే ఆలాండ్ దీవులు దాటారు. రష్యన్ సేనాని బార్క్‌లే ద తోల్లి దళం క్వార్కెన్ జలసంధి మీద నడిచి స్వీడన్‌లోని ఉమెయో చేరింది. లోతు తక్కువ నీళ్ళ కోసం కట్టిన దళానికి లోతే లేని సముద్రం ఎదురైంది.

క్రోన్‌స్టెడ్‌ను ఇది నిర్దోషిని చేస్తుందా? చెయ్యదు. మంచు ప్రతి ఏడూ వచ్చేదే. కోటలో తిండి, మందుగుండు ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు ఆగి ఉండొచ్చునన్న వాదన బలమైనదే. అబ్బాయికి నేను చెప్పింది ఒక్కటే: "మనిషి గురించి రెండు పేజీలు రాయి, రెండు వైపులా రాయి, తీర్పు రాయొద్దు. పడవల గురించి మాత్రం తీర్పు రాయి, అది నువ్వు సంపాదించుకున్నావు." "ద్రోహం" అన్న శీర్షిక కొట్టేశాడు. దాని బదులు "కట్టేసిన పడవలు" అని పెట్టాడు. చాలాకాలంగా నేను చూసిన చాప్టర్ పేర్లలో మంచిదనిపించింది.

తిరిగి చూసుకుంటే

విద్యార్థి మొదటి రోజు అడిగిన ప్రశ్నను ఇప్పుడు నేను మొదటి పేజీలో రాయించి పెడుతున్నాను, ఎంత అమాయకంగా ఉన్నా సరే. ముక్కు మునుగుతుందా అన్న ప్రశ్నలోనే ఈ డిసర్టేషనంతా ఉంది. దాన్ని వదిలేసి సంఖ్యలు ఇచ్చాను. దళం అనగానే సంఖ్యలడగడం నా చదువు నేర్పిన అలవాటు. అతనికి నేర్పింది ఏరు: ఎంత లోతు, ఎవరు లాగుతారు, ఏ నెల.

పోలిక విషయంలో ఇంకా కొంచెం తటపటాయింపు ఉంది. ఆంగ్రే చాప్టరును తీసేయడం సరైనదే. కానీ ఆ పన్నెండు పేజీలు రాయకపోతే వానాకాలం మాట నా చెవిన పడేది కాదు. డిసర్టేషన్లో ఉండకూడనిది ఫైల్లో ఉంటే తప్పు లేదేమో. నా సహాధ్యాపకులు కొందరు దీనికి ఒప్పుకోరు, గడువులోగా పని తేలాలంటే కత్తెర ముందే పడాలంటారు. వాళ్ళ మాటా కొట్టిపారెయ్యలేను. ఇక్కడ ఐదు వారాలు పోయాయి.

మే ఆఖర్లో బైండింగ్. వైవా జూన్ రెండో వారంలో. ఆ అధ్యాపకురాలే లోపలి పరీక్షకురాలు. అదే ప్రశ్న అడిగారు, మాట మార్చకుండా. అబ్బాయి గెడ గోడకు ఆనించి, మీటరు గీత మీద వేలు పెట్టి మొదలుపెట్టాడు. పది నిమిషాల తర్వాత ఆవిడ రష్యన్లు మంచు మీద ఫిరంగులు ఎలా లాగారని అడిగారు. తెలియదన్నాడు. తెలియదనడం చూసి నాకు ముచ్చటేసింది.

గెడ మా గదిలోనే ఉంచేద్దామనుకున్నాను, తర్వాతి బ్యాచికి చూపించొచ్చని. జూన్ 13న ఫోన్ చేశాడు. "సార్, రేపటితో నిషేధం అయిపోద్దండి. నాన్న గెడ అడుగుతున్నాడు." మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళాడు. చాక్ గీతలు తుడుస్తానంటే, ఏట్లో దించితే అవే పోతాయిలెండి అన్నాడు.